నెల దాటినా మానని పుండు మీద పౌడరు చల్లి ఊరుకోవద్దు

మా పెద్దమ్మకి చిన్నప్పుడు పొయ్యి కాడ పావడాకి నిప్పంటుకుంది. ఎడమ మోకాలి వెనక నుంచి పిక్క దాకా కాలింది. అప్పట్లో ఆసుపత్రి లేదు, ఆకు పసరే గతి. మూడు నెలలకి మానింది గానీ చర్మం గుంజుకుపోయి కాలు పూర్తిగా చాపలేకపోయేది. అట్టాగే పెళ్లయింది, పిల్లల్ని కన్నది. సత్తెనపల్లి చుట్టుపక్కల చేలల్లో ముప్పై ఏళ్ల పైన పత్తి తీసింది, మిరపకాయలు కోసింది, కల్లాల్లో తాలుకాయలు ఏరింది. ఆ మచ్చ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. మచ్చే గదా.

యాభై దాటాక ఆ మచ్చ మధ్యలో చిన్న పగులొచ్చింది. పత్తికట్టె గీరుకుందేమో అనుకుంది. పసుపు పెట్టింది. తగ్గలేదు. మందుల షాపులో పౌడరు కొని చల్లింది. పక్కు కట్టింది, మళ్లీ ఊడింది. ఊళ్లో ఆరెంపీ సూదేసి, కట్టు కట్టి, "షుగరుందేమో, అందుకే మానట్లా" అన్నాడు. షుగరు లేదు. అట్టా పద్నాలుగు నెలలు గడిచినయ్. పుండు అంచులు పైకి లేచి కాలీఫ్లవర్ పువ్వు లెక్క తయారైంది. ముట్టుకుంటే రక్తం. వాసన. కూలికి పోయే ఆటోలో పక్కనోళ్లు జరిగి కూర్చునేవాళ్లు. తర్వాత తనే ఆటో ఎక్కటం మానేసింది.

ఆఖరికి పెద్దాసుపత్రికి తీసుకుపోతే చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. కాగితం మీద 'స్క్వామస్ సెల్ కార్సినోమా' అని వచ్చింది. అప్పటికే గజ్జల్లో బిళ్లలు కట్టినయ్. మోకాలి పైదాకా కాలు తీసేశారు. ఆ తర్వాత రెండేళ్లు బతికింది.

నేను డాక్టర్ని కాదు. ఇంటర్‌తో చదువాపినోణ్ణి. ఆ కాగితం మీద మాటలకి అర్థమేందో తెలుసుకోవాలని డాక్టర్లని అడిగాను, దొరికిన పుస్తకాలు చదివాను. తెలిసేకొద్దీ కోపమొచ్చింది. మా పెద్దమ్మని చంపింది కేన్సరు ఒక్కటే కాదు, ఆ పద్నాలుగు నెలలు కూడా. అందుకే ఫోను చేతిలో ఉన్న మీకు ఇది చెప్తున్నా.

చర్మం ఒక నారుమడి

తొమ్మిదో తరగతి సైన్సులో 'ఉపకళా కణజాలం' అని చదివి ఉంటారు. పరీక్షకి బట్టీపట్టి వదిలేసిన పాఠమే. ఇంగ్లీషులో ఎపిథీలియం. ఒంటికి బయట కప్పు, లోపల గొట్టాలకి పూత, రెండూ ఇదే. చర్మం పై పొర, నోటి లోపలి పొర, అన్నవాహిక, గర్భసంచి ముఖద్వారం, ఊపిరితిత్తుల గొట్టాలు, అన్నిటికీ ఈ కణాలే గోడ. ఈ కణాల్లో పుట్టే కేన్సర్లని కార్సినోమా అంటారు. ఎముకలో, కండలో పుడితే సార్కోమా. రక్తంలో అయితే లుకేమియా. పెద్దోళ్లకొచ్చే కేన్సర్లలో ఎక్కువ భాగం కార్సినోమాలే. ఎందుకంటే ఎండ, పొగ, వేడి, రాపిడి, ఏ దెబ్బైనా ముందు ఈ గోడ మీదే పడిద్ది. పడ్డ దెబ్బకల్లా ఈ కణాలు మళ్లీ మళ్లీ పుట్టి గోడ కట్టుకోవాల.

చర్మంలో ఈ పని ఎట్టా జరిగిద్దో చూడండి. పై పొరకి అట్టడుగున ఒక వరస కణాలుంటాయి. వాటిని బేసల్ కణాలంటారు. అదే నారుమడి. ఒక కణం రెండవుద్ది, అందులో ఒకటి పైకి జరిగిద్ది. పైకి పోయేకొద్దీ చదునై చేప పొలుసు లెక్క తయారవుద్ది. వాటిని స్క్వామస్ కణాలంటారు. చివరికి చచ్చి, మట్టి రుద్దుకునేటప్పుడు ఊడిపోద్ది. అడుగున పుట్టి పైన రాలటానికి దాదాపు నెల పట్టిద్ది. అంటే ఒంటి మీద పై చర్మం నెలనెలా కొత్తదే.

ఈ నారుమడి కింద సన్నటి పొర ఒకటి ఉంటది. దాన్ని పొలం గట్టు అనుకోండి. గట్టుకి ఆ పక్క రక్తనాళాలు, శోషరసం పారే సన్న కాలవలు ఉంటాయి.

కణం రెండైన ప్రతిసారీ లోపలున్న డీఎన్‌ఏ అనే రాతని నకలు తీసుకోవాల. నకల్లో తప్పులు దొర్లటం మామూలే. దిద్దుకునే ఏర్పాటు కణంలోనే ఉంటది. దిద్దలేనంత తప్పుంటే ఆ కణం తనంతట తనే చచ్చిపోద్ది. ఈ రెండు కాపలాలూ తప్పించుకున్న కణం మాత్రం ఆగమన్నా ఆగకుండా పెరిగిద్ది. గట్టు దాటనంత వరకు భయం తక్కువ, కోసి తీసేస్తే అయిపోద్ది. గట్టు దాటి కాలవలో పడితే దగ్గర్లోని బిళ్లలకి పోద్ది. కాలి పుండైతే గజ్జల్లో, చేతి పుండైతే చంకలో, ముఖం మీదైతే మెడలో. ఆపైన ఊపిరితిత్తుల దాకా కూడా పోవచ్చు. మా పెద్దమ్మ పద్నాలుగు నెలల్లో జరిగింది ఇదే.

రెండు పెద్ద రకాలు

మొదటిది బేసల్ సెల్ కార్సినోమా. ఎక్కువగా ముఖం మీద, ముక్కు పక్కన, కంటి కింద వచ్చిద్ది. మెరిసే చిన్న బొడిపె లెక్క మొదలవుద్ది. మన రంగు వాళ్లలో నల్లగా ఉండి పుట్టుమచ్చ అనుకునేట్టు మోసం చేసిద్ది. చాలా నిదానంగా, ఏళ్ల తరబడి పెరిగిద్ది. ఒంట్లో ఇంకో చోటికి పాకటం అరుదు. అట్టాగని వదిలేస్తే ఉన్నచోటే తినుకుంటూ పోయి ముక్కు, కన్ను పాడుచేసిద్ది. ఎలుక కొరికినట్టు ఉంటదని పాతకాలం డాక్టర్లు దీన్ని ఎలుక పుండు అనేవాళ్లు.

రెండోది స్క్వామస్ సెల్ కార్సినోమా. గరుకు మచ్చగానో, పులిపిరి లెక్కనో, మానని పుండుగానో మొదలవుద్ది. ఇది గట్టు దాటే రకం. ముందే పట్టుకుంటే చిన్న ఆపరేషన్‌తో పోద్ది. ఆలస్యం చేస్తే కాలో చెయ్యో, ప్రాణమో తీసిద్ది.

మెలనోమా అనే మాట కూడా వినుంటారు. అది రంగునిచ్చే కణాల్లో పుట్టేది, వేరే జాతి. మనలాంటి నల్లచర్మం వాళ్లకి అరికాల్లో, గోరు కింద ఎక్కువగా వచ్చిద్ది. పాటగాడు బాబ్ మార్లే కాలి బొటనవేలికి వచ్చింది అదే. 1977లో బయటపడింది, 1981లో 36 ఏళ్లకే పోయాడు. ముందు దాన్ని ఫుట్‌బాల్ దెబ్బ అనుకున్నారు. రకం వేరైనా నేర్పే పాఠం ఒకటే. మానని దెబ్బని 'దెబ్బే గదా' అని వదిలేయకూడదు.

మనకి ఎండ ఒక్కటే కారణం కాదు

గూగుల్లో స్కిన్ కేన్సర్ అని కొడితే తెల్లోళ్ల బొమ్మలు, సన్‌స్క్రీన్ యాడ్లు వస్తాయి. అది చూసి మనోళ్లు 'నల్లోళ్లకి ఇది రాదు' అనుకుంటారు. సగం నిజం, సగం అబద్ధం. మన చర్మంలోని మెలనిన్ అనే రంగు ఎండలోని అతినీలలోహిత కిరణాలకి గొడుగు పట్టిద్ది. అందుకే ఎండ వల్ల వచ్చేవి మనకి తెల్లోళ్ల కన్నా చాలా తక్కువ. కానీ ఆ గొడుగు నిప్పుని ఆపదు, రాపిడిని ఆపదు, ఏళ్ల తరబడి మానని పుండుని ఆపదు. మన దేశంలో స్క్వామస్ రకం కాళ్ల మీద పాత మచ్చల్లో, పాత పుళ్లలో పుట్టటం తెల్లదేశాల కన్నా ఎక్కువ కనిపిస్తది.

కాలిన మచ్చలో పుట్టే పుండుకి ఒక పేరే ఉంది, మార్జొలిన్ అల్సర్. మచ్చల్లో వచ్చే ఇట్టాంటి పుళ్ల గురించి 1828లో రాసిన ఫ్రాన్సు సర్జన్ పేరది. కాలిన రోజు నుంచి కేన్సరు తేలే రోజు దాకా సగటున ముప్పై ఏళ్ల ఎడం ఉంటది. ఎందుకొచ్చిద్దంటే మచ్చ చర్మం బిగుసుకుని ఉంటది. కీలు కదిలినప్పుడల్లా పగులుద్ది. పగిలినప్పుడల్లా నారుమడికి కబురు పోద్ది, కొత్త కణాలు కావాలని. అట్టా వేలసార్లు నకలు తీస్తే ఎక్కడో తప్పు నిలబడిద్ది. పైగా మచ్చలో రక్తం సరిగా పారదు, ఒంటి కాపలా కణాలు ఆడిదాకా రాలేవు. దొంగకి కాపలా లేని ఇల్లు దొరికినట్టే.

కాలిన మచ్చ ఉన్నోళ్లంతా హడలిపోవద్దు. నూటికి ఒకళ్లిద్దరికి మించి రాదని వైద్య పుస్తకాలు చెప్తాయి. మిగతా తొంభై ఎనిమిది మందికి మచ్చ మచ్చగానే ఉంటది. మీరు చూసుకోవాల్సింది, మానిన మచ్చ మళ్లీ తెరుచుకుని మూసుకోకపోవటం ఒక్కటే.

కాలిన మచ్చే కాదు, కుష్ఠు వల్ల అరికాల్లో పడ్డ పుండు, నరాలుబ్బిన కాలి మీద ఏళ్ల తరబడి ఉన్న పుండు, ఎముక చీముపట్టి కారే రంధ్రం, వీటన్నిటి అంచుల్లోనూ ఇదే కేన్సరు పుట్టొచ్చు.

ఇంకో సంగతి. చేలో పనిచేసే అమ్మలు అడుగుతుంటారు, "మిరపకాయలు కోసి చేతులు మండుతున్నయ్, దీనికి కూడా కేన్సరొచ్చిద్దా" అని. మిరప మంట నరాన్ని మోసం చేసే మంట. కాలినట్టు అనిపిస్తది గానీ నిప్పు లెక్క చర్మాన్ని కాల్చదు. నిప్పుతో, సలసలకాగే నీళ్లతో, కరెంటుతో కాలింది వేరు.

పని, బతుకు చర్మం మీద రాసిన రాత

1775లో లండన్‌లో పెర్సివాల్ పాట్ అనే సర్జన్ ఒక సంగతి బయటపెట్టాడు. చిన్నప్పటి నుంచి పొగగొట్టాల్లో దూరి మసి దులిపే పేదోళ్లకి పెద్దయ్యాక వృషణాల సంచి చర్మం మీద కేన్సరొస్తోందని, దానికి కారణం ఆ మసేనని చెప్పాడు. పని వల్ల కేన్సరొచ్చిద్దని లోకానికి గట్టిగా తెలిసింది అప్పుడే. అది కూడా ఈ స్క్వామస్ రకమే.

మన దేశంలోనూ ఇట్టాంటివి ఉన్నయ్. కాశ్మీర్లో చలికి నిప్పుల కుంపటి బట్టల లోపల పెట్టుకుంటారు, కాంగ్రీ అంటారు. ఏళ్ల తరబడి ఆ సెగ తగిలి పొట్ట మీద, తొడల మీద కేన్సరొచ్చిద్ది. మన శ్రీకాకుళం, విశాఖ తీరంలో ఆడోళ్లు చుట్టని నిప్పు లోపలికి పెట్టి తాగుతారు, అడ్డపొగ. దానివల్ల అంగిట్లో వచ్చే కేన్సరు మీద ఆంధ్ర డాక్టర్లు ఎన్నో ఏళ్లు పరిశోధన చేశారు. అది చర్మం కాదు, నోటి పొర. కానీ కణాలు అవే, కథ అదే.

నడుం సంగతి కూడా వినండి. పంచె బిగించి కట్టేవాళ్లకి నడుం దగ్గర వచ్చే చర్మ కేన్సరు గురించి బొంబాయి టాటా మెమోరియల్లో పనిచేసిన డాక్టర్ వి.ఆర్. ఖనోల్కర్ 1945లోనే రాశాడు. 2024లో వార్ధా, బీహార్ డాక్టర్లు ఇద్దరు పెద్దవయసు ఆడోళ్ల గురించి 'బీఎంజే కేస్ రిపోర్ట్స్' పత్రికలో రాశారు. నడుం దగ్గర బిగించిన కట్టు ఏళ్ల తరబడి ఒకేచోట ఒరుసుకుని పుండైంది. ఆ పుండు మానక కేన్సరైంది. ఒకామెకి అప్పటికే గజ్జల్లో బిళ్లకి పాకింది. దీన్ని పెటీకోట్ కేన్సరన్నారు.

మన అమ్మలు చేలోకి పోయేటప్పుడు చీర జారకుండా లంగా బొందు ఎంత బిగించి కడతారో మనకి తెలుసు. చెమట, దుమ్ము, పొద్దస్తమానం వంగి పని. నడుం చుట్టూ నల్లటి గీత పడిద్ది, ఒరుసుకుంటది, దురదపెడద్ది. నడుం దగ్గర పుండు పడితే సిగ్గుతో ఎవరికీ చూపించరు. ఇది అరుదైన జబ్బే, భయపెట్టటానికి చెప్పట్లా. సన్న తాడు బదులు వెడల్పు పట్టీ వేసుకోమనండి. ముడి రోజూ ఒకేచోట కాకుండా మార్చుకోమనండి. ఒరుసుకుని పుండైతే అది మానేదాకా అక్కడ బిగించొద్దని చెప్పండి. పైసా ఖర్చు లేని పని.

ఎండ సంగతి పూర్తిగా కొట్టెయ్యలేం. పుట్టుకతోనే ఒంట్లో రంగు లేకుండా తెల్లగా ఉండే వాళ్లకి ఎండే పెద్ద శత్రువు. ఇంకొందరు పిల్లలకి ఎండ తగిలితే చాలు ముఖం నిండా నల్లమచ్చలు పడతాయి, కళ్లు మండుతాయి. దాన్ని గ్జెరోడెర్మా పిగ్మెంటోసమ్ అంటారు. ఎండ వల్ల డీఎన్‌ఏలో పడ్డ తప్పుల్ని దిద్దుకునే శక్తి వాళ్లకి పుట్టుకతోనే ఉండదు. చిన్నవయసులోనే చర్మ కేన్సర్లు వస్తాయి. అమ్మ వైపు నుంచీ నాన్న వైపు నుంచీ లోపం కలిస్తేనే ఇది వచ్చిద్ది. మేనరికాల్లో అట్టా కలిసే అవకాశం పెరిగిద్ది. అట్టాంటి పిల్లల్ని శాపం అనొద్దు. కల్లం పనికి పంపొద్దు. నిండా బట్టలు, టోపీ, నీడ, చర్మ డాక్టరు. అదే వాళ్ల ఆయుష్షు.

ఎప్పుడు అనుమానపడాల

కొత్తగా పడ్డ పుండు నెల దాటినా మానకపోతే. పక్కు కట్టటం, ఊడటం, మళ్లీ కట్టటం అదే పనిగా జరుగుతుంటే. పాత మచ్చ తెరుచుకుంటే. ఏళ్ల నాటి పుండు ఉన్నట్టుండి పెరిగినా, అంచులు గట్టిపడి పైకి లేచినా, వాసన మారినా, ముట్టుకుంటే రక్తం కారినా. ముఖం మీద బొడిపె నెలనెలా పెరుగుతుంటే. పుండున్న వైపు గజ్జల్లోనో చంకలోనో గట్టిగా బిళ్ల తగిలితే. చీముపట్టిన మామూలు పుండుకి కూడా బిళ్లలు కడతాయి, అందుకే కళ్లతో చూసి ఎవరూ తేల్చలేరు. నొప్పి లేదు గదా అని ధీమా పడొద్దు. మొదట్లో చాలామందికి నొప్పే ఉండదు.

తేల్చేది ఒక్కటే, బయాప్సీ. మనోళ్ల మాటలో ముక్క పరీక్ష. మత్తు సూదేసి పుండు అంచు నుంచి చిన్న ముక్క తీసి మైక్రోస్కోపు కింద చూస్తారు. మొదటిసారి ఏమీ లేదని వచ్చి, అయినా పుండు మానకపోతే మళ్లీ తీయమని అడగాల.

'కత్తి తగిలితే కేన్సరు పాకిద్ది' అనే మాట ఊరూరా ఉంది. మా ఇంట్లో కూడా అదే మాట అన్నారు, నేనూ నోరు మూసుకున్నాను. అది తప్పు. పాకిద్ది ముక్క తీసినందుకు కాదు, తీయకుండా నెలలు గడిపినందుకు.

ముందే తెలిస్తే చుట్టూ కొంచెం మంచి చర్మంతో సహా కోసి తీసేస్తారు, అవసరమైతే తొడ చర్మం అతుకుతారు. చాలామందికి అంతటితో అయిపోద్ది. ముదిరితే బిళ్లలు తీయటం, రేడియేషన్, కాలు తీయటం దాకా పోద్ది.

సత్తెనపల్లి నుంచి గుంటూరు ఎంతో దూరం లేదు. గుంటూరు జీజీహెచ్‌లో చర్మ విభాగం ఉంది, సర్జరీ ఉంది, నాట్కో ట్రస్టు కట్టించిన కేన్సర్ సెంటరు ఉంది. రేషను కార్డున్న ఇంటికి ఎన్టీఆర్ వైద్య సేవలో, అంటే మొన్నటిదాకా ఆరోగ్యశ్రీ అన్న దాంట్లో, కేన్సరు ఆపరేషన్, రేడియేషన్, కీమో ఉన్నయ్. ఆసుపత్రిలో ఆ పథకం మనిషి ఉంటాడు, కార్డు, ఆధార్ చూపించి అడగండి. 104కి ఫోన్ చేసినా చెప్తారు.

రాకముందే ఆపేది కూడా ఉంది. ఒళ్లు కాలితే వెంటనే ఇరవై నిమిషాలు పారే మామూలు నీళ్లు పొయ్యండి. టూత్‌పేస్టు, సిరా, పేడ పూయొద్దు. లోతుగా కాలినా, కీలు మీద కాలినా ఆసుపత్రికి పోయి చర్మం అతికించటం గురించి అడగండి. సొంతంగా నెలల తరబడి మానిన కాలుడే ముప్పై ఏళ్లకి మోసం చేసేది.

మనం అడగాల్సింది

ప్రభుత్వం ఇంటింటికీ వచ్చి నోటి కేన్సరు, రొమ్ము కేన్సరు, గర్భాశయ ముఖద్వార కేన్సరు పరీక్షలు చేస్తోంది. మంచిదే. ఆ మూడిట్లో చర్మం లేదు. నేను పెద్ద మిషన్లు అడగట్లా. బీపీ చూట్టానికి వచ్చే ఏఎన్ఎమ్మక్క, ఆశక్క ఒక్క ప్రశ్న అదనంగా అడిగితే చాలు, "నెల దాటి మానని పుండు ఒంటి మీద ఎక్కడైనా ఉందా?" అని. ఉందంటే పెద్దాసుపత్రికి చీటీ రాయాల. ఇంకోటి, కూలీ మనిషికి గుంటూరు పోయి రావటమంటే ఒక రోజు కూలి పోవటం, బస్సు ఛార్జీ, తోడొచ్చినోళ్ల కూలి. ముక్క తీసే పని వారంలో ఒకరోజన్నా సత్తెనపల్లి ప్రభుత్వాసుపత్రిలో చేసి, ముక్కని గుంటూరు పంపితే సరిపోద్ది. మనిషి తిరగక్కర్లేదు, సీసా తిరిగితే చాలు. ఇది మండల మీటింగులో అడగండి, గ్రామసభలో అడగండి, అర్జీ రాసి ఇవ్వండి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ రాత్రి ఇంట్లో ఒక పని చెయ్యండి. అమ్మనో, నాయనమ్మనో, చేలో మీతో పనిచేసే పిన్నినో అడగండి, ఎక్కడన్నా మానని పుండుందా అని. "ఏం లేదులే" అంటారు. ఇంకోసారి అడగండి. మా పెద్దమ్మ కూడా పద్నాలుగు నెలలు అదే మాట అంది. ఒక్కసారి కూడా నేను చీర అంచు జరిపి చూపించమనలేదు.